ఏనుగు బండ, వెదురు సీల

అమ్రాబాద్,
9 మే 1993.

మక్తల్ పట్టణంలోని లేతు మిషన్లన్నిటికీ చక్రవర్తి, మా అమ్మీకి ఒక్కగానొక్క తమ్ముడు అయిన లతీఫ్ మామూ గారి సముఖానికి,

మేనకోడలు జులేఖా, బి.ఎస్సీ. (సెకండ్ క్లాసు, ఫస్టు క్లాసు మూడు మార్కుల దూరంలో తప్పించుకుపోయింది), సలాములతో విన్నవించుకోవడం ఏమంటే, మా ఇంట్లో ఒక ఇరుసు విరిగింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. కంగారు పడకు, కూర్చుని చదువు.

కిందటేడు కరీం చిచ్చా దుబాయి నుండి ఒక బొమ్మ జీపు తెచ్చాడు కదా. చేతిలో డబ్బా పట్టుకుని మీట కదిపితే, తీగ లేకుండానే దూరంగా నడుస్తుంది. వచ్చిన రోజు నుండి అది ప్లాస్టిక్ కవర్‌తో సహా షోకేసులో, పింగాణీ నెమలికీ టేప్‌రికార్డర్‌కీ మధ్య కొలువు తీరింది. వచ్చిన చుట్టాలందరూ చూశారు. నడిపినవాళ్లు మాత్రం లేరు. పరీక్షలు రాసి ఇంటికి రాగానే నేను చేసిన మొదటి పుణ్యకార్యం ఆ కవర్ చింపడం.

మన ఇంటి వెనక ఏనుగు బండ గుర్తుందా? జీపును తీసుకెళ్లి దాని తొండం దగ్గర పెట్టాను. మామూ, ఏం చెప్పను! అది పరుగెత్తే బండి కాదు, పాకే బండి. ఒక చక్రం రాయిని పట్టుకుంటుంది. ఒకటి గాలిలో వేలాడుతుంది. ఒకటి వెనక నుండి నెడుతుంది. నాలుగోది ఏం చేయాలా అని ఆలోచిస్తుంది. అట్లా తొండం దాటి మెడ దాకా ఎక్కాక వెనక ఎడమ చక్రం ఒక పగులులో ఇరుక్కుంది. మోటారుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, అది తిప్పుతూనే ఉంది. టక్ మని చప్పుడు. గేరు పెట్టె నుండి చక్రం దాకా పోయే ఇరుసు రెండు ముక్కలు.

అబ్బా వరండాలో పేపరు దించకుండానే అడిగాడు.

"ఇరిగిందా?"

"ఇరుసు ఒక్కటే అబ్బా."

"గా ఒక్కటే కదా బండంటే. మిగిలింది డబ్బా."

నేను అదను చూసుకుని నెల రోజులుగా నోట్లో నానుతున్న మాట బయటపెట్టాను. నాకు మహబూబ్‌నగర్ ఐటీఐలో టర్నర్ సీటు కావాలి. నీలాగా లేతు మీద ఇనుము తియ్యాలి. ఇట్లాంటి ఇరుసు నాకు నేనే చేసుకోవాలి. అబ్బా పేపరు దించాడు.

"డిగ్రీ అయినంక ఐటీఐకి పోతవా? లోకమంత మెట్లెక్కుతాంటే నువ్వు దిగుతవా? బీఎడ్ చెయ్యి. బడిల సారమ్మవైతవు."

అరగంట వాదన తరువాత, మా అబ్బా అనబడే లెక్కల సారు లియాఖత్ అలీ గారికీ నాకూ ఒక పందెం కుదిరింది. ఆ జీపు ఏనుగు బండను వరసగా మూడుసార్లు ఎక్కాలి, ఇరుసు విరగొద్దు. ఎక్కితే ఐటీఐ ఫారం మీద తండ్రి సంతకం. ఎక్కకపోతే బీఎడ్, మళ్లీ నోరెత్తకూడదు. ఫారానికి ఆఖరు తేదీ జూలై పది. అమ్మీ సాక్షి. సాక్షి అప్పుడు బియ్యం చెరుగుతోంది కానీ అంతా విన్నది.

కాబట్టి నా భవిష్యత్తు అనబడే వస్తువు ప్రస్తుతం నీ లేతు మీద ఉంది. ఇరుసు మందం 4, పొడవు 11. బొమ్మ గీసి జత చేశాను. విరగనిది చేసి పంపు.

ఇట్లు,
ఇనుము కోసం ఎదురుచూసే,
జులేఖా

---

మక్తల్,
17 మే 93.

బిడ్డ జులేఖాకు మామూ దువా.

నీ ఉత్తరం మీ మామీ అజ్మత్ బీ రెండుసార్లు చదివి వినిపిచ్చింది. మొదటిసారి నవ్వనీకె, రెండోసారి కొలతలు రాసుకోనీకె. నా రాత చూసి నవ్వకు. కుడిచేతికి రెండు వేళ్లు తక్కువైన కాడినుంచి నా అక్షరాలు లేతు కాడ రాలే ఇనుప తీగల్లెక్క చుట్టుకపోతున్నయ్.

టర్నర్ అయితనంటే నాకు ఖుషీనే. మా ఖాందాన్‌ల ఆడపిల్ల లేతు ముట్టుడు ఇంతవరకు లేదు. మీ అబ్బా ఒప్పుకుంటడా అన్నదే నా ఫికర్. సరే, పందెం అన్నవు కాబట్టి చేసిన. నువ్వు రాసినట్లే, మందం నాలుగు, పొడవు పదకొండు, వెంట్రుకవాసి తేడా లేదు. పాత ట్రాక్టర్ కడ్డీ కోసి తీసిన. ఇది ఇరిగితే నేను దుకాణం మూసేస్త.

అచ్చంపేట బస్సు కండక్టర్ గుర్వయ్య చేతికిచ్చి పంపుతున్న. ఆయన చేతుల పట్టి చూసి, "భాయ్, దీనితోని ఎవలనన్న కొట్టనీకె పంపుతున్నవా?" అన్నడు. నవ్విన.

పట్నంల నుమాయిష్ ఎగ్జిబిషన్‌ల చూసిన నేను, పిల్లలు కూసోని తిరిగే బొమ్మ జీపులు. మస్తుంటయ్. మామీ అడుగుతాంది, ఉర్సుకు వచ్చినప్పుడు ఆమెను కూసోపెట్టుకొని ఓ చక్కర్ కొట్టిస్తవా అని. ఆమె బరువు ఎంతో నేను రాయ. ఉత్తరం ఆమెనే పోస్టుల వేస్తది.

దువాలతోని,
లతీఫ్

---

అమ్రాబాద్,
24 మే 1993.

విశాల హృదయుడూ అంతకన్నా విశాలమైన ఇరుసులు చేసేవాడూ అయిన మామూకు,

నీ ఇరుసు క్షేమంగా చేరింది. గుర్వయ్య దాన్ని రెండు చేతులతో అందించాడు. నా చిటికెన వేలంత లావుగా, జానెడు దాటి పొడవుగా ఉంది. జీపును దాని పక్కన పెట్టి చూశాను. ఏనుగు దంతం పక్కన కుందేలులా ఉంది. అమ్మీ చూసి, తీసుకుని, ఇప్పుడు దానితో అల్లం దంచుతోంది. విరగలేదు. నువ్వు దుకాణం మూయనక్కర లేదు.

తప్పు నాదే మామూ. బి.ఎస్సీ. చదివి, కొలత రాసి, ప్రమాణం రాయలేదు. నా నాలుగు మిల్లీమీటర్లు. నా పదకొండు సెంటీమీటర్లు. ఫిజిక్స్ లెక్చరర్‌కు ఈ సంగతి తెలిస్తే ఇచ్చిన సెకండ్ క్లాసు వెనక్కి తీసుకుంటుంది. మరి నీకు నాలుగు అంటే ఏమిటో అమ్మీని అడిగాను. "మా తమ్మునికి ఉత్త నెంబరు జెప్తే సూతులే. అంగుళానికి ఎన్మిది సూతులు. పొడుగైతే అంగుళాలు. ఆని దుకాణంల గంతే, ఎవ్వలు అడుగరు," అన్నది. నాలుగు సూతులు అంటే అర అంగుళం! లెక్కల సారు ఈ మాట విని ఎంతసేపు నవ్వాడంటే, నవ్వలేక కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. పందెం ముచ్చట వచ్చాక ఆయన నవ్వడం ఇదే మొదటిసారి.

జీపు మీద మామీ కూర్చోలేదు. మామీ ఒడిలో జీపు కూర్చోగలదు. క్షమించమని చెప్పు.

ఈలోగా నేను ఊరుకోలేదు. విరిగిన ఇరుసుకు పాత గొడుగు కమ్మి ముక్కలు రెండు అటూ ఇటూ పెట్టి, కాలు విరిగిన మేకపిల్లకు కట్టు కట్టినట్టు సన్నతీగతో చుట్టాను. తొండం ఎక్కింది. మెడ దగ్గర కట్టు ఊడింది. చక్రాల లోపల చేపల వలకు కట్టే సీసం గుండ్లు అతికించాను. బరువు కిందికి దిగితే బోల్తా పడదని నా సిద్ధాంతం. నిజంగానే బోల్తాలు తగ్గాయి. కానీ బరువు పెరిగాక, పడినప్పుడు పడే దెబ్బ పెరిగింది. ఒకటి గట్టిపరిస్తే దాని నొప్పి పక్కదానికి పోతోంది. ఎందుకని మామూ?

విరిగిన ముక్కలు గుడ్డలో చుట్టి పంపుతున్నాను. ఈసారి కొలతలు నేను రాయను. నువ్వే కొలుచుకో.

ఇంకో వింత. అబ్బా రెండు రోజులుగా ఎవరికో ఉత్తరం రాస్తున్నాడు. నేను గదిలోకి వెళ్తే లెక్కల పుస్తకం దాని మీద మూస్తున్నాడు. బీఎడ్ కాలేజీకేమో.

ఇట్లు,
మిల్లీమీటర్ల మనిషి,
జులేఖా

---

మక్తల్,
2 జూన్ 93.

బిడ్డ జులేఖాకు,

ముక్కలు అందినయ్. కొలిచి కొత్తది తీసి పంపుతున్న. పెట్టి చూడు.

ఎక్కువ ఆశ పెట్టుకోకు. బండ పెద్దది, బండి చిన్నది. బీఎడ్ గూడ మంచిదే, ఆడపిల్లకు నీడపట్టున కొలువు. మీ అబ్బా నీ చెడు కోరేటోడు కాదు.

మామీ బాగుంది. నాకు పని బాగున్నది.

లతీఫ్

---

అమ్రాబాద్,
8 జూన్ 1993.

ప్రియమైన మామూ,

ఇంత చిన్న ఉత్తరం రాశావేమిటి? సిరా అయిపోయిందా? నీడపట్టు, కొలువు అనే మాటలు నీ నోట కొత్తగా ఉన్నాయి. అచ్చం మన లెక్కల సారు మాటల్లా ఉన్నాయి.

నీ ఇరుసు మాత్రం అద్భుతం! సరిగ్గా పట్టింది. ఏనుగు బండ మీద దాని ప్రతాపం వర్ణించడానికి నా భాష చాలదు కనుక వర్ణించను. ఎక్కిందా అంటే ఎక్కింది. పందెం జూలై నాలుగు ఆదివారం నాడు జరపాలని నిశ్చయించాం. నువ్వు ధైర్యంగా ఉండు.

ఈసారికి ఇంతే. స్టవ్ మీద పాలు ఉన్నాయి.

ఇట్లు,
జులేఖా

---

మక్తల్,
13 జూన్ 93.

జులేఖా,

నీ ఉత్తరం చదివిన కాడినుంచి నాకు మనసు నిమ్మళంగ లేదు. మామీ ఖుషీతోని వాడంత సేమియా పంచింది. చాయ్ హోటల్‌ల లింగస్వామి, "నీ ఇరుసు పులుల అడివిల గుట్టలెక్కుతాందట గద భాయ్," అని అందరి ముందట అడిగిండు. చాయ్ సగంల ఇడిసి లేసొచ్చిన.

నిజం చెప్పు. ఎక్కిందా? మూడుసార్లు? మీదికెల్లి పడ్డదా? పడితే ఏ చక్రం మీద పడ్డది? ఇరుసు వంగలేదా?

నమ్మబుద్ధి అయితలేదు. ఎందుకని అడగకు. ఆ ఇరుసు తీసి నాకు పంపు. ఒక్కసారి చూసి మళ్ల పంపిస్త. గుర్వయ్య మంగళవారం వస్తడు.

లతీఫ్

---

అమ్రాబాద్,
18 జూన్ 1993.

మామూ,

ఈ ఉత్తరానికి బిరుదులు లేవు. నేరస్థులు బిరుదులు పెట్టుకోరు.

పొట్లం విప్పావా? రెండు ముక్కలున్నాయా? అదే నీ ఇరుసు. జరిగింది వరసగా చెప్తాను.

మొదటి రోజు జీపు మెడ దాకా ఎక్కింది. నేను నీకు రాసిన "ఎక్కింది" అదే. తరువాత అక్కడి నుండి నా ఛాతీ ఎత్తున కిందికి దొర్లి, వెనక ఎడమ చక్రం మీద పడింది. ఇరుసు విరగలేదు కానీ వంగింది. చక్రం కుంటి కోడిలా అడుగడుగుకూ ఊగింది. రాతి మీద పెట్టి కొట్టి సరిచేశాను. మళ్లీ పడింది, మళ్లీ వంగింది. మామూ చేసిన ఇరుసు వంగడమా? నాకు నీ మీద అనుమానం రాలేదు, ఇనుము మీద వచ్చింది.

అప్పుడు నాలోని బి.ఎస్సీ. లేచింది. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే ఉక్కు గట్టిపడుతుందని చదివాను. చదివాను కదా, ఇంకేం! అమ్మీ పక్కింటికి వెళ్లిన అదను చూసి పంపు స్టవ్ బుస్సుమని వెలిగించి, పట్టకారుతో ఇరుసును మంటలో పెట్టాను. నల్లగా ఉన్నది ముదురు ఎరుపు అయింది, తరువాత దానిమ్మ పువ్వు రంగు. బకెట్లో ముంచాను. స్ స్ స్ మని అరిచింది. తీసి నేల మీద వేస్తే గంటలా మోగింది! ఆకురాయితో రుద్దితే ఆకురాయి జారిపోయింది, దాని మీద గీత పడలేదు. మామూ, నా జన్మలో అంతగా ఎప్పుడూ గర్వపడలేదు. ఆ గర్వం మీదనే నీకు పోయిన ఉత్తరం రాశాను. ఇంకా బండి మీద పెట్టి చూడకుండానే రాశాను. అదే నా నేరం.

మర్నాడు పెట్టాను. తొండం మీది నుండి జానెడు ఎత్తున జారి పడింది. జానెడే! సుద్దముక్కలా విరిగింది.

ఏడుపు వచ్చింది. కానీ ఏడ్వబోతుంటే విరిగిన చోట ఏదో మెరిసింది. కాలేజీ నుండి తెచ్చుకున్న భూతద్దంతో చూశాను. చక్కెర పలుకుల్లా బూడిద రంగు మెరుపు. కరీం చిచ్చా తెచ్చిన అసలు ఇరుసు విరిగిన చోటు ఇట్లా లేదు. అది మెలిపెట్టిన బెల్లంపాకంలా, పీచుపీచుగా ఉంది. విరగడం ఒకటే కదా, ముఖాలు రెండు ఎందుకు? మెత్తగా ఉంటే వంగింది, గట్టిగా ఉంటే పగిలింది. వంగకుండా, పగలకుండా ఉండేది మధ్యలో ఏదో ఉండాలి. ఆ మధ్యది ఎక్కడ ఉంటుంది? దాన్ని ఎట్లా పట్టుకుంటారు? వారం రోజులుగా అన్నం ముందు కూర్చుని కూడా ఇదే ఆలోచిస్తున్నాను. అమ్మీ నాకు దిష్టి తీసింది.

పందెం పోతే పోనీ మామూ. ఇది మాత్రం చెప్పు.

ఇట్లు,
అబద్ధాలకోరు,
జులేఖా

---

మక్తల్,
26 జూన్ 93.

బిడ్డా,

ముక్కలు విప్పంగనే తెలిసింది నాకు, దీన్ని అగ్గిల పెట్టినవని. హకీం నాడి పట్టినట్లు మేము ఇరిగిన మొఖం చూస్తం. చక్కెర లెక్క మెరిసిందంటే మస్తు గట్టిపడి సచ్చిందని. నీకు ఎవ్వలు చెప్పలే. నీ అంతట నువ్వే రెండు ముక్కలు పక్కపక్కన పెట్టి చూసినవ్. నేను ఈ పని పట్టి ఆరేండ్లయినంక గాని చూసుడు నేర్వలే.

ఇగ నా నేరం విను.

నా ఇరుసు వంగింది కావాలనే. మీ అబ్బా నాకు ఉత్తరం రాసిండు, మే నెలల. లెక్కల పుస్తకం కింద దాచింది అదే. అండ్ల ఒక్కటే మాట: "లతీఫ్, ఇరుసు గట్టిగ చెయ్యకు. నా బిడ్డకు పది వేళ్లు ఉండాలె." చదివి నా చెయ్యి దిక్కు చూసుకున్న. ఏమని జవాబు రాయాలె? ఆయన మాట తీసెయ్యలే, నీ మాట తీసెయ్యలే. ఉక్కు మంచిదే తీసుకున్న, మెత్తగ ఉంచిన. మూడుసార్లు ఎట్లెక్కుతదా అని నేను నెత్తి పట్టుకుంటే, నువ్వేమో ఎక్కిందని రాస్తివి! నీ అబద్ధం, నా అబద్ధం నడిబజార్ల గుద్దుకున్నయ్.

నా వేళ్లు పోయిన సంగతి నీకు సగమే తెలుసు. మీ అబ్బాకు గూడ సగమే తెలుసు. 82ల, ఎండకాలం. బడి బోరు మోటారు కడ్డీ అరిగిందని మీ అబ్బా బస్సుల వేసుకొని ఇక్కడిదాంక తెచ్చిండు. పోరగాండ్లకు తాగ నీళ్లు లెవ్వని నెత్తి మీద నిలబడి, "జల్ది, లతీఫ్, జల్ది," అన్నడు. తిరిగే కడ్డీని నేను గుడ్డతోని తుడువబోయిన. గుడ్డ చుట్టుకుంది, దాని ఎనక వేళ్లు పోయినయ్. పదకొండేండ్లు అయితాంది, తన తొందరతోనే నా వేళ్లు పోయినయని ఆయన లోపల లోపల కుములుతున్నడు. మా ఇంటికొస్తే నా కుడిచెయ్యి దిక్కు చూడడు. చాయ్ గూడ ఎడమచేత్తోని అందిస్తే తాగుతడు.

నేను ఎవ్వలకు చెప్పనిది ఇది. మోటారుకు, లేతుకు నడుమ తోలు బెల్టు ఉంటది. అది జర వదులుగ ఉండాలె. ఏదన్న అడ్డం పడితే బెల్టు జారుతది, మిషన్ ఆగుతది, మనిషి బతుకుతడు. ఆ పొద్దుగాల్ల బెల్టు ఊకె జారుతాందని, అది జారకుండ నేనే గుగ్గిలం పొడి చల్లిన. మీ అబ్బా ఇంకా బస్సు గూడ దిగలే. ఆయన పనికి కాదు, వేరే పనికి. గుడ్డ చుట్టుకున్నప్పుడు బెల్టు జారాలె. జారలే. జారేదాన్ని నేనే గట్టిపరిచిన. ఇంత పనిమంతుణ్ని, గిసుంటి తప్పు చేసిన్నని చెప్పుకోనీకె సిగ్గయింది. మీ అబ్బా తప్పనుకుంటె అనుకోనిచ్చిన. అది వేళ్లు పోయినదానికన్న పెద్ద తప్పు.

ఇగ నీ సవాలుకు జవాబు. మధ్యది రంగుల ఉంటది. ఎర్రగ కాల్చి నూనెల ముంచినంక, రుద్ది తెల్లగ చేసి, మళ్ల సన్న సెగ మీద పెట్టాలె. కండ్లార్పకుండ చూడాలె. మొదలు జొన్నచొప్ప రంగు వస్తది, ఎనక గోధుమ రంగు, ఎనక వంకాయ రంగు. అది దాటంగనే నెమలి మెడ రంగు మెరుస్తది. అండ్లనే తియ్యాలె. గంతకు మించి రెప్ప వాలిస్తే మెత్తగైతది. గీ పొట్లంల ఉన్న ఇరుసు అట్ల తీసిందే. దానికి ఉక్కు మామీ ఇచ్చింది. నేను చెప్పిందంత విని, తన కుట్టుమిషన్ల సూది పట్టుకునే కడ్డీ ఇప్పి నా ముందట పెట్టింది. కొత్తది తెచ్చేదాంక చేత్తోని కుడతదట.

ఇరుసు కొసకు సన్న బెజ్జం చేసిన. చక్రానికి, ఇరుసుకు కలిపి అండ్ల వెదురు సీల పెట్టాలె, పంటిపుల్లంత. ఇనుపది పెట్టకు! చక్రం ఇరుక్కుంటే సీల ఇరుగుతది, ఇరుసు బతుకుతది, గేరు బతుకుతది. ఒకటి గట్టిపరిస్తే నొప్పి పక్కదానికి పోతదని రాసినవు చూడు, గందుకే. ఏది ఇరగాలెనో మనమే ముందుగాల నిర్ణయం చెయ్యాలె. ఐదు సీలలు పెట్టిన. అయిపోతే మీ అడివిల వెదురుకు కొదువ లేదు.

లేతు కాడికి పోతె దుపట్టా నడుముకు కట్టాలె. జడ ముడెయ్యాలె. గాజులు ఇంట్ల పెట్టాలె. తిరిగేదాన్ని గుడ్డతోని ముట్టద్దు. గుగ్గిలం దిక్కు చూడద్దు.

ఈ ఉత్తరం మీ అబ్బాకు చూపిస్తవో, పొయ్యిల పెడ్తవో నీ ఇష్టం.

లతీఫ్ మామూ

---

అమ్రాబాద్,
4 జూలై 1993, ఆదివారం.

సత్యవంతుడైన మామూకు, తన సూది కడ్డీని దానం చేసిన దాత అజ్మత్ బీ మామీకి,

పందెం నేడు ఉదయం తొమ్మిది గంటలకు సకల లాంఛనాలతో జరిగింది. న్యాయనిర్ణేత లియాఖత్ అలీ సారు ఇస్త్రీ చొక్కా, చేతిగడియారంతో హాజరయ్యాడు. సాక్షి, అనగా అమ్మీ, లాడ్లీ బేగం గారు అల్లం దంచే ఇరుసును చేతిలోనే పట్టుకుని వచ్చారు. ఎందుకని అడిగితే, "ఎవలన్న తొండి చేస్తే పనికొస్తది," అన్నారు.

మొదటిసారి జీపు తొండం, మెడ, వీపు ఎక్కింది. పన్నెండు నిమిషాలు. రెండోసారి మెడ దగ్గర జారి, నా ఛాతీ ఎత్తు నుండి పడి, చక్రం మీదనే నిలబడింది! ఇరుసు వంగలేదు, పగలలేదు. అక్కడి నుండే మళ్లీ ఎక్కింది. మధ్యలో పడితే లెక్కేనా అని సారు ఒక నిమిషం ఆలోచించి, "లెక్కనే. ఇరుసు ఇరగలేదు గద," అన్నాడు. చేతిగడియారానికి ఊరికే తాళం తిప్పాడు. నేను గెలుస్తానన్న భయం.

మూడోసారి మెడ దాకా వచ్చింది. అదే పగులు మామూ. మే నెల పగులే. అదే వెనక ఎడమ చక్రం. ఇరుక్కుంది. టక్.

అమ్మీ "యా అల్లా!" అన్నది. అబ్బా లేచి వచ్చి చూశాడు. చక్రం ఊరికే నిలబడి ఉంది, ఇరుసు దాని లోపల హాయిగా తిరుగుతోంది. విరిగింది వెదురు సీల.

"ఓడినవ్ బిడ్డా."

"ఇరుసు ఇరగలే అబ్బా."

"బండి ఎక్కలే గద. మూడుసార్లు ఎక్కాలె అన్న."

లెక్క కరెక్టే. నేను కాదనలేదు. చొక్కా జేబులోకి ఆయన పెన్ను సర్దుకుంటుంటే, నీ ఉత్తరం తీసి చేతిలో పెట్టాను. ఇవ్వాలా వద్దా అని వారం రోజులు ఆలోచించాను. గెలిస్తే ఇవ్వొద్దనుకున్నాను. ఓడితే ఇవ్వక తప్పదనిపించింది. ఎందుకో నాకే తెలియదు.

ఆయన బండ మీదనే నిలబడి చదివాడు. ఎండ ముఖం మీద పడుతున్నా పక్కకు జరగలేదు. ఒక కాగితం తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పి మొదటి నుండి చదివాడు. ఒక దగ్గర వేలు పెట్టి ఆగాడు. తరువాత ఇంట్లోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. నేను పోబోతే అమ్మీ చెయ్యి పట్టుకుంది. "పోకు. జర సేపు ఉండనీ."

మధ్యాహ్నం అన్నానికి రాలేదు. సాయంత్రం అసర్ నమాజు తరువాత బయటికి వచ్చాడు. ఒక చేతిలో కోళ్ల గంప నుండి పీకిన వెదురు పుల్ల, ఇంకో చేతిలో కూరగాయల కత్తి, చంకలో బడి జామెట్రీ డబ్బా. మెట్టు మీద కూర్చుని సీల చెక్కడం మొదలుపెట్టాడు. డివైడర్‌తో కొలవడం, చెక్కడం, మళ్లీ కొలవడం. నీ దగ్గరి నుండి వచ్చిన సీలలు ఇంకా నాలుగు ఉన్నాయని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. మూడు పుల్లలు పాడుచేశాక నాలుగోది కుదిరింది. ఆయనే బెజ్జంలో పెట్టాడు.

"నడుపు."

నడిపాను. ఆ పగులు దగ్గర ఆపాను. ముందు చక్రాన్ని వేలెడు కుడికి తిప్పి, నెమ్మదిగా, నెమ్మదిగా... ఎక్కింది మామూ. వీపు మీద నిలబడింది.

అబ్బా వంగి సీలను వేలితో తడిమి చూశాడు.

"ఇది నాలుగోసారి. పందెంల లెక్కకు రాదు. నువ్వు ఓడినవ్."

"ఆఁ అబ్బా."

"ఫారం ఏది?"

సంతకం వంకరగా వచ్చింది. నీ రాతలాగా ఉంది. తరువాత నా రెండు చేతులూ తీసుకుని, బోర్లించి, వెల్లకిల వేసి చూశాడు. లెక్కపెట్టాడేమో, పైకి అనలేదు. ఈ కాగితం అడుగున కొంచెం జాగా వదలమన్నాడు. వదిలాను.

ఇట్లు,
ఓడిపోయి సీటుకు పోబోయే,
జులేఖా

లతీఫ్,

నీ ఉత్తరం చదివాను. ఆ రోజు గుగ్గిలం చల్లింది నువ్వు. నేను తొందరపెట్టకపోతే నువ్వు మిషన్ ఆపి తుడిచేవాడివి. ఎట్లా తీసివేసినా నీకు సున్నా రాదు, నాకూ సున్నా రాదు.

పోయినవి రెండు వేళ్లు. తప్పు లెక్కలో చెరొకటి వేసుకుందాం.

వచ్చే ఆదివారం మక్తల్ వస్తున్నాను. చాయ్ కుడిచేత్తో ఇవ్వు.

లియాఖత్ అలీ